ర్యాప్ మీదే బతకాలంటే నెలకు ఎన్ని స్ట్రీమ్‌లు కావాలి?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ఉద్యోగం చేస్తూనే రెండేళ్లలో ఆరు ర్యాప్ పాటలు విడుదల చేశారు, వాటిలో ఒకటి మూడు లక్షల స్ట్రీమ్‌లు దాటింది, ఇక ఉద్యోగం మానేసి దీని మీదే బతకాలంటే నెలకు ఎన్ని స్ట్రీమ్‌లు కావాలన్నది మొదటిది. ఒక మ్యూజిక్ కంపెనీ అడ్వాన్స్ ఇస్తానంటూ ఒప్పంద పత్రం పంపింది, సంతకం పెట్టవచ్చా అన్నది రెండోది.

సూటిగా చెప్తాను. మూడు లక్షల స్ట్రీమ్‌లు వచ్చిన పాట మిమ్మల్ని పోషించదు. అలాంటివి పది ఉన్నా, కేవలం స్ట్రీమింగ్ డబ్బుతో ఇల్లు గడవడం కష్టం. ర్యాప్ మీద బతుకుతున్నవాళ్లలో నేను దగ్గరగా ఎరిగినవారందరూ స్టేజీ షోలు, ఇతరులకు రాసిపెట్టడం, ప్రకటనల పని, పాఠాలు చెప్పడం, టీషర్టులు అమ్మడం అన్నీ కలుపుకుని బతుకుతున్నారు. కాబట్టి ఉద్యోగం ఇప్పుడే మానకండి. ఇక ఒప్పందం సంగతి: మీరు ప్రశ్న కింద రాసిన నాలుగు షరతులను బట్టి చూస్తే, దాన్ని ఉన్నది ఉన్నట్టుగా ఒప్పుకోకండి. ఎందుకో కింద వివరంగా రాస్తున్నాను.

నేను ర్యాప్ రాయడం మొదలుపెట్టి పద్నాలుగేళ్లయింది. గత ఏడేళ్లుగా నాకు వేరే జీతం లేదు. అంతకుముందు ఒకసారి, సరిగ్గా మీరున్న స్థితిలోనే, ఒక పాటకు వచ్చిన సంఖ్య చూసి ఉద్యోగం వదిలేసి, పదకొండు నెలలకే మళ్లీ ఉద్యోగం వెతుక్కున్నాను. ఈ రెండు అనుభవాలూ ఉండబట్టే ఇంత పొడుగు సమాధానం రాయడానికి పూనుకున్నాను.

ముందుగా నా లెక్కల పుస్తకం. గత ఏడాది నాకు వచ్చిన మొత్తాన్ని 100 అనుకుంటే, షోల నుంచి 46, ఇతరులకు రాసిపెట్టినందుకూ ప్రకటనలకూ కలిపి 27, వర్క్‌షాపులూ పాఠాలూ 11, టీషర్టులు వగైరా 8, స్ట్రీమింగ్, వీడియో ప్రకటనల ఆదాయం కలిపి 6, మిగిలిన చిల్లర 2. నా పాటలను నెలనెలా వినేవాళ్ల సంఖ్య మీకన్నా చాలా ఎక్కువ. అయినా స్ట్రీమింగ్ వాటా 6 దగ్గరే ఉంది. అందరి లెక్కా ఇలాగే ఉంటుందని అనను. ఒకరికి ప్రకటనలే సగం కావచ్చు, ఇంకొకరికి షోలే మొత్తం కావచ్చు. స్ట్రీమింగ్ మొదటి స్థానంలో ఉన్న లెక్కల పుస్తకం మాత్రం, పేరు మోగిపోయిన పెద్దవాళ్లది తప్ప, నాకు ఇంతవరకు కనిపించలేదు.

స్ట్రీమింగ్‌లో ఎందుకు అంత తక్కువ వస్తుందో తెలుసుకుంటే మీ మొదటి ప్రశ్నే మారిపోతుంది. "ఒక్క స్ట్రీమ్‌కు ఇంత" అనే స్థిరమైన ధర ఏ వేదికలోనూ లేదు. స్పాటిఫై వంటి సంస్థ తన ఆదాయంలో సుమారు మూడింట రెండు వంతులు హక్కుదారులకు ఇస్తానని చెబుతుంది. ఆ సొమ్మంతా ఒక కుండలో పడుతుంది. ఆ నెల ఆ దేశంలో జరిగిన మొత్తం స్ట్రీమ్‌లలో మీ పాటల వాటా ఎంతో, కుండలో మీ వాటా అంత. అంటే మీ స్ట్రీమ్‌లు అలాగే ఉన్నా, ఇతరుల స్ట్రీమ్‌లు పెరిగితే మీ డబ్బు తగ్గవచ్చు. చందా ధర తక్కువగా ఉన్న దేశంలో విన్న పాటకు తక్కువ, ఎక్కువగా ఉన్న దేశంలో విన్న పాటకు ఎక్కువ. చందా కట్టకుండా ప్రకటనల మధ్య వినేవాళ్ల వల్ల వచ్చేది మరీ తక్కువ. అందువల్ల మూడు లక్షల స్ట్రీమ్‌లు వచ్చిన ఇద్దరు ర్యాపర్ల చేతికి వచ్చే మొత్తాల మధ్య కొన్ని రెట్ల తేడా ఉండటం మామూలే.

ఇంకో రెండు చిన్న నిబంధనలు. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే స్ట్రీమ్‌గా లెక్కిస్తారు. 2024 నుంచి, గడిచిన పన్నెండు నెలల్లో కనీసం 1,000 స్ట్రీమ్‌లు రాని పాటకు రికార్డింగ్ రాయల్టీ పంచడం లేదు. యూట్యూబ్‌లో పూర్తి ప్రకటనల ఆదాయంలో వాటా కావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వీక్షణలు గానీ ఉండాలి. వీటిని దాటాక కూడా డబ్బు రెండు మూడు నెలలు ఆలస్యంగానే డిస్ట్రిబ్యూటర్ (మీ పాటను ఈ వేదికలకు చేర్చే సంస్థ) ఖాతాలోకి చేరుతుంది. పండగకు వచ్చిన చుట్టం పండగ అయిపోయాక తలుపు తట్టినట్టు ఉంటుంది.

ప్లేలిస్టులో పెట్టిస్తామనీ, లక్ష స్ట్రీమ్‌లు తెప్పిస్తామనీ మీకు సందేశాలు వస్తూనే ఉంటాయి. వాటి జోలికి పోకండి. దొంగ స్ట్రీమ్‌లు బయటపడిన పాటలపై స్పాటిఫై 2024 నుంచి డిస్ట్రిబ్యూటర్లకు జరిమానా వేస్తోంది. చాలామంది డిస్ట్రిబ్యూటర్లు దాన్ని కళాకారుడి ఖాతా మీదకే నెడతారు, పాటను కూడా తీసేస్తారు.

ఇక అసలు సంగతి: ఒక్క పాటలో రెండు ఆస్తులుంటాయి. ఒకటి రికార్డింగ్, అంటే మీ గొంతు, బీట్ (మాటల కింద మోగే సంగీతం), మిక్సింగ్ అన్నీ కలిసిన ఆ శబ్దం. మనవాళ్లు మాస్టర్ అంటారు. రెండోది రచన, అంటే సాహిత్యమూ సంగీతమూ. దీన్ని పబ్లిషింగ్ అంటారు. డిస్ట్రిబ్యూటర్ మీకు పంపేది సాధారణంగా మొదటిదాని డబ్బు మాత్రమే. రెండోదాని డబ్బు రావాలంటే మీరు రచయితగా ఒక రాయల్టీ వసూలు సంఘంలో సభ్యులై, ప్రతి పాటనూ ఎవరెవరికి ఎంతెంత వాటానో చెప్పి విడిగా నమోదు చేయాలి. ర్యాపర్లలో ఈ పని చేయనివాళ్లే ఎక్కువ. "నేను పాట రాయలేదు, వెర్స్ వేశాను" అనుకుంటారు. వెర్స్ అంటే ర్యాప్ చేసే చరణం, అది కూడా రచనే.

నమోదు కాని డబ్బు ఎక్కడికి పోతుందని అడుగుతారేమో. అమెరికాలో స్ట్రీమింగ్ రచనా రాయల్టీలు వసూలు చేయడానికి 2021లో మెకానికల్ లైసెన్సింగ్ కలెక్టివ్ అనే సంస్థ పని మొదలుపెట్టింది. యజమాని ఎవరో తేలక తమ దగ్గర ఉండిపోయిన సొమ్మును స్ట్రీమింగ్ కంపెనీలు ఆ ఏడాది ఫిబ్రవరిలో దానికి అప్పగిస్తే, అది సుమారు 42.4 కోట్ల డాలర్లయింది. అందులో ఎంతమంది ర్యాపర్ల పదహారు బార్లు (తాళం కొలతకు రాసిన పంక్తులు) నిద్రపోతున్నాయో ఊహించుకోవచ్చు. నేను మొదటి నాలుగేళ్లు ఏ సంఘంలోనూ చేరలేదు. చేరాక పాత పాటలు నమోదు చేస్తే, వెనక్కి వెళ్లి వసూలు చేయగలిగింది రెండేళ్లకే. అంతకు ముందుది పోయింది.

ఈ రెండో ఆస్తిలో ర్యాపర్ వాటా గురించి ఒక చేదు నిజం చెప్పాలి. సాధారణ ఆనవాయితీలో రచనలో సగం బీట్ చేసినవాడిది, సగం మాటలు రాసినవాడిది. హుక్ (తిరిగి తిరిగి వచ్చే పల్లవి) వేరేవాళ్లు రాస్తే మీ సగంలోంచే వాళ్లకు పోతుంది, రెండో వెర్స్‌కు స్నేహితుణ్ణి పిలిస్తే మళ్లీ అందులోంచే. నలుగురు కలిసి చేసిన నా పాట ఒకటుంది. దానిలో నా రచనా వాటా పన్నెండున్నర శాతం. దానికి తోడు, గాయకుల పాటలను వేరేవాళ్లు వేదికల మీద పాడతారు, కొత్తగా రికార్డు చేస్తారు, వాద్యాల మీద వాయిస్తారు. వీటన్నిటి వల్లా అసలు రచయితకు రాయల్టీ వస్తుంది. ర్యాప్ వెర్స్‌ను ఇంకొకరు తమ గొంతుతో మళ్లీ రికార్డు చేయడం అరుదు, ఎందుకంటే అందులో ఉన్నది ఆ మనిషి పేరు, ఆ మనిషి ఊపిరి. మన కళలోని సొగసే ఆదాయంలో ఒక పాయను ఎండగడుతుంది.

కాబట్టి పాట రికార్డయిన రోజే, స్టూడియోలోంచి బయటికి రాకముందే స్ప్లిట్ షీట్ మీద సంతకాలు చేయించుకోండి. ఒక్క పేజీ చాలు: పాట పేరు, తేదీ, ఎవరు ఏం చేశారు, రచనలో ఎవరికెంత, మాస్టర్‌లో ఎవరికెంత. పాట ఎవరికీ పట్టనప్పుడు అందరూ ఉదారంగానే ఉంటారు. అది పేలాక అదే కాగితం రాయించాలంటే వకీలు కావాలి.

బీట్ విషయంలో నేను తిన్న దెబ్బ చెప్తాను, మీకు నేరుగా వర్తిస్తుంది కాబట్టి. నా మొదటి పెద్ద పాటకు బీట్‌ను ఇంటర్నెట్‌లో లీజుకు తీసుకున్నాను. లీజు అంటే కొనడం కాదని నాకు తెలుసు, షరతులు మాత్రం చదవలేదు. నిర్ణీత సంఖ్యలో స్ట్రీమ్‌ల వరకే ఆ లైసెన్సు చెల్లుతుంది. అదే బీట్‌ను ఇంకెంతమందికైనా లీజుకు ఇవ్వవచ్చు, ఎవరైనా పూర్తి హక్కులు కొంటే కొత్త లీజులు ఆగిపోతాయి. నా పాట ఆ సంఖ్య దాటిన నెలలోనే వేరొకరు పూర్తి హక్కులు కొనేశారు, తమ పాటను వీడియో వేదికలోని కంటెంట్ ఐడీలో (అదే సంగీతం ఎక్కడ వాడినా పట్టుకునే వ్యవస్థ) నమోదు చేశారు. ఒక ఉదయం నా వీడియో మీద నాకే కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. నా వెర్స్, నా ముఖం, ఆదాయం మాత్రం ఐదు నెలలు ఇంకొకరికి.

చివరికి కొత్త బీట్ చేయించి పాటను మళ్లీ రికార్డు చేశాను. వేగం అదే, 92 బీపీఎం, అంటే నిమిషానికి 92 దరువులు. అయినా రెండో వెర్స్ కుదరలేదు. పాత బీట్‌లో నాలుగో బార్ చివర బేస్ ఒక్క క్షణం ఆగేది. నేను ఊపిరి తీసుకునేది అక్కడే, ప్రాస విరిగేదీ అక్కడే. కొత్త బీట్‌లో ఆ ఖాళీ లేదు. పన్నెండు బార్లు తిరగరాశాను. విన్నవాళ్లు పాతదే బాగుందన్నారు, నాకూ అలాగే అనిపిస్తుంది. లైసెన్సు పత్రంలో ఒక్క పంక్తి చదవకపోవడం వల్ల పోయింది డబ్బు ఒక్కటే అయితే ఇంత బాధ ఉండేది కాదు.

చవక బీట్ పెద్ద పాట కాకూడదనేమీ లేదు. అమెరికన్ ర్యాపర్ లిల్ నాస్ ఎక్స్ 2018లో బీట్‌స్టార్స్ అనే సైట్‌లో 30 డాలర్లకు తీసుకున్న బీట్ మీద చేసిన పాట, 2019లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 19 వారాలు మొదటి స్థానంలో ఉంది. అయితే ఆ బీట్‌లో నైన్ ఇంచ్ నెయిల్స్ అనే రాక్ బృందం 2008లో విడుదల చేసిన సంగీతం ముక్క ఉంది. ఆ సంగతి అనుమతుల దాకా వెళ్లి, ఆ బృందంలోని ఇద్దరి పేర్లు పాట రచయితలుగా, నిర్మాతలుగా చేరాయి. ఆ పాట వెనుక చివరికి పెద్ద కంపెనీ నిలబడింది కాబట్టి అనుమతుల పని జరిగింది. మీ వెనుకా నా వెనుకా ఎవరున్నారు?

ఇలా ఇతరుల రికార్డింగ్‌లోంచి తీసి వాడే ముక్కను శాంపిల్ అంటారు. అది ర్యాప్ పుట్టుకతోనే ఉన్న చిక్కు. 1991లో బిజ్ మార్కీ అనే ర్యాపర్ పాట మీద న్యూయార్క్ ఫెడరల్ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు తర్వాత, అనుమతి లేకుండా ఇతరుల రికార్డింగ్ ముక్క వాడటం ఖరీదైన పనైపోయింది. అనుమతి తీసుకున్నంత మాత్రాన సరిపోదని డి లా సోల్ అనే ర్యాప్ బృందం అనుభవం చెబుతుంది. వాళ్ల తొలి ఆల్బమ్ 1989లో వచ్చింది. పాత శాంపిల్ ఒప్పందాల్లో రికార్డులు, క్యాసెట్లు అని రాశారే గానీ, ఇంకా పుట్టని డిజిటల్ పద్ధతుల ఊసు లేదు. ఆ చిక్కులు తెమిలి వాళ్ల పాత ఆల్బమ్‌లు స్ట్రీమింగ్‌లోకి వచ్చేసరికి 2023 మార్చి అయింది. ఊరంతా స్ట్రీమింగ్‌లో వింటున్న ఆ ఏళ్లన్నీ వాళ్లకు ఆ పాటల మీద అక్కడి నుంచి పైసా లేదు. బీట్ కొనేటప్పుడు "ఇందులో శాంపిల్ లేదు, ఉంటే బాధ్యత నాది" అని బీట్ చేసినవాడితో రాయించుకోవడం అందుకే.

ఇప్పుడు నా పుస్తకంలో పెద్ద వాటా, షోలు. ర్యాపర్‌కు ఇక్కడ నిజమైన అనుకూలత ఉంది: బ్యాండ్ అక్కర్లేదు. ఒక డీజే, ఒక మైకు చాలు, కాబట్టి ఐదుగురి బృందం నష్టపోయే షోలో కూడా మనకు ఎంతో కొంత మిగులుతుంది. ఆ ఎంతో కొంత ఎంతో చూడండి. ఒప్పుకున్న ఫీజు 100 అయితే, షో ఇప్పించిన ఏజెంటుకు 10, మేనేజరు ఉంటే 15, డీజేకు 20, ఇద్దరి ప్రయాణం, బస ఆర్గనైజర్ భరించకపోతే 20, ముందుగా కోసే పన్ను 10. చేతికి 25. దానికోసం సాయంత్రం నాలుగింటికి సౌండ్ చెక్‌కు వెళ్లి, రాత్రి పదకొండింటికి ఇరవై ఐదు నిమిషాలు పాడతాం. ప్రయాణం, బస ఆర్గనైజరే పెట్టుకోవాలని ఒప్పందంలో రాయించడం మొదలుపెట్టిన ఏడాది, షోల సంఖ్య పెరగకుండానే నా చేతికి వచ్చింది దాదాపు రెట్టింపయింది. ఫీజు పెంచమని అడగడం కన్నా ఇది తేలికైన బేరం.

డబ్బు విషయంలో నాది ఒక్కటే పద్ధతి: సగం పోస్టరు వేయకముందు, సగం మైకు పట్టుకోకముందు. ఇది మొరటుగా అనిపించవచ్చు. ఒకసారి ఒక పెద్ద వేడుకకు "కార్యక్రమం అయ్యాక సర్దుతాం" అన్న మాట మీద వెళ్లాను. పాడటం అయిపోయాక ఆర్గనైజర్ ఫోను ఎత్తలేదు, తర్వాతి నెల నంబరే మారిపోయింది. డీజేకు నా జేబులోంచి ఇచ్చాను. ఇప్పుడు మిగిలిన సగం అందేదాకా గ్రీన్ రూములోనే కూర్చుంటాను. ఎవరూ తప్పుగా అనుకోలేదు. అసలు, పద్ధతి ప్రకారం అడిగేవాళ్లతో ఆర్గనైజర్లు ఎక్కువ మర్యాదగా ఉంటారన్నది నా అనుభవం. ఉచిత షోలు మొదటి ఏడాది చేయండి, ఆ తర్వాత "పేరు వస్తుంది" అన్న మాటకు వెల కట్టడం నేర్చుకోండి.

ఎవరూ మాట్లాడని ఆదాయం ఇతరులకు రాయడం. ప్రకటనలు, ఆటల పోటీల ప్రచార గీతాలు, సినిమాలో ఒక వెర్స్, ఇంకో గాయకుడి పాటలో ఫీచర్, అంటే అతిథిగా ఒక వెర్స్. ఒక ఉత్పత్తి ప్రకటనకు నేను రెండు రోజుల్లో రాసిన పదహారు బార్లకు వచ్చిన మొత్తం, అంతకు ముందు ఏడాది నా ఆల్బమ్ స్ట్రీమింగ్ ఆదాయం కన్నా ఎక్కువ. ఆ ఆల్బమ్‌కు పదిహేను నెలలు పట్టింది. ఈ పనిలో బేరమాడాల్సింది మొత్తం గురించి మాత్రమే అనుకోకండి. ఎంతకాలం వాడతారు, ఏ ప్రాంతంలో, ఏయే మాధ్యమాల్లో, గడువు తర్వాత పొడిగిస్తే మళ్లీ ఎంత ఇస్తారు అన్నవి రాయించుకోండి. నేను ఏడాదికి ఒప్పుకున్న ఒక ప్రకటనను మూడుసార్లు పొడిగించారు. మూడుసార్లూ కొత్తగా ఏమీ రాయకుండానే డబ్బు వచ్చింది. ఫీచర్ వెర్స్ విషయంలో, చిన్న గాయకుడైతే ఫీజు తీసుకోండి, పెద్దవాడైతే ఫీజు తగ్గించుకుని అయినా రచనా వాటా వదలకండి. ఇలా బతకడం రాజీ పడటమని కొందరు ర్యాపర్లు అంటారు. వాళ్లలో చాలామందికి ఇంట్లోంచి డబ్బు వస్తుంది.

నిజంగా మీ కోసం డబ్బు పెట్టేవాళ్లు ఎంతమంది అన్న లెక్క స్ట్రీమ్‌ల లెక్క కన్నా ముఖ్యం. అమెరికన్ ర్యాపర్ నిప్సీ హసిల్ 2013లో ఒక మిక్స్‌టేప్‌ను (ఆల్బమ్ లాంటి పాటల సంకలనం) ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇస్తూనే, దానివే 1,000 ప్రతులు ముద్రించి ఒక్కొక్కటి 100 డాలర్లకు అమ్మాడు. ఉచితంగా దొరికేదాన్ని అంత పెట్టి కొన్నవాళ్లు పాటను కొనలేదు, ఆయన పక్షాన నిలబడ్డారు. ఆయన స్థాయి మనకు లేదు, నిజమే. కానీ మీ మూడు లక్షల స్ట్రీమ్‌ల వెనుక టికెట్ కొని వచ్చే మనుషులు రెండు వందల మంది ఉన్నారా అన్నది తేల్చుకోవడం కష్టమేమీ కాదు: చిన్న హాలు తీసుకుని, టికెట్ పెట్టి, ఒక్క షో చేయండి. నా మొదటి టికెట్ షోకు నలభై ఒక్కమంది వచ్చారు, అందులో తొమ్మిదిమంది బంధువులు. అప్పటికి నా పాటకు మీకన్నా ఎక్కువ స్ట్రీమ్‌లున్నాయి.

ఇక మీకు వచ్చిన ఒప్పందం. అడ్వాన్స్ అన్న మాట వినగానే బహుమతిలా అనిపిస్తుంది. అది మీ రాయల్టీలోంచి తిరిగి రాబట్టుకునే సొమ్ము. మీ పత్రంలో మీ వాటా 20 శాతం అని రాశారు. అడ్వాన్స్ 100 అనుకోండి. పాటలు 500 సంపాదించేదాకా మీ లెక్కలో చేరిన 20 శాతం అడ్వాన్స్‌కే జమ అవుతుంది. అప్పటికి కంపెనీ తానిచ్చిన 100 పోగా 400 వెనకేసుకుని ఉంటుంది, మీకు ఇంకా మొదటి రాయల్టీ రాదు. వీడియో ఖర్చు 60 కూడా మీ ఖాతాలోనే రాస్తే, పాటలు 800 సంపాదించాకే మీ వంతు మొదలవుతుంది. అదే అడ్వాన్స్‌ను 80 శాతం మీకిచ్చే డిస్ట్రిబ్యూషన్ ఒప్పందం మీద తీసుకుంటే, 125 దగ్గరే లెక్క తీరిపోతుంది. అడ్వాన్స్ ఎంత అన్నదాని కన్నా ముందు శాతం, ఏయే ఖర్చులు మీ ఖాతాలో వేస్తారు అన్నవి అడగాల్సింది అందుకే.

అమ్మకాలు బాగుంటే ఈ లెక్కలు వాటంతట అవే సర్దుకుంటాయని అనుకోకండి. అమెరికాకు చెందిన టీఎల్‌సీ బృందం 1994లో విడుదల చేసిన ఆల్బమ్ లక్షల ప్రతులు అమ్ముడవుతున్న రోజుల్లోనే, 1995లో ఆ ముగ్గురు అమ్మాయిలు దివాలా పిటిషన్ వేశారు. పాటలు ఊరూరా మోగుతుంటే ఖర్చులు, కమీషన్లు, అడ్వాన్సులు కోసుకోగా మిగిలింది అంతే.

మీరు రాసిన మిగతా మూడు షరతుల మీద క్లుప్తంగా. రాబోయే మూడు ఆల్బమ్‌లు తీసుకోవాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం అని ఉంది. అంటే మీరు కట్టుబడి ఉంటారు, వాళ్లు ఉండరు. దాన్ని ఒక్క ఆల్బమ్‌కు కుదించమనండి. ఒక పాట మీద ఉన్న బాకీని ఇంకో పాట ఆదాయంతో తీర్చుకోవచ్చన్న షరతు తీసేయమనండి, లేకపోతే మీ బాగా ఆడిన పాట ఆడని పాటలన్నిటికీ కిస్తీలు కడుతుంది. షోలు, ప్రకటనలు, టీషర్టుల ఆదాయంలో కూడా కంపెనీకి వాటా అన్నది అసలు ప్రమాదం. నా పుస్తకంలో స్ట్రీమింగ్ 6 మాత్రమేనని చెప్పాను కదా, మిగిలిన 94 మీద చేయి వేస్తామని ఈ షరతు అంటోంది. షోలు వాళ్లే తెచ్చిపెట్టేట్టయితే, వాళ్లు తెచ్చిన షోల మీద మాత్రం వాటా ఇవ్వండి. మాస్టర్ హక్కులు ఎన్నేళ్ల తర్వాత మీకు తిరిగి వస్తాయో పత్రంలో లేకపోతే, రావని అర్థం. పబ్లిషింగ్‌ను అదే కాగితంలో కలిపితే విడదీయమనండి. సంగీత ఒప్పందాలు తెలిసిన వకీలుకు చూపించండి. ఆ ఫీజు దండగ అనిపిస్తుంది, నాకూ అనిపించింది, అందుకే నా రెండో ఆల్బమ్ మాస్టర్ ఇప్పటికీ నాది కాదు.

కంపెనీలన్నీ దోపిడీదారులని నేను అనడం లేదు. మంచి ఒప్పందం ఒకటి నాకు రెండేళ్ల ఊపిరి ఇచ్చింది, నేను ఎన్నటికీ చేరలేని రేడియోలకూ వేదికలకూ నా పాటను చేర్చింది. మీ దగ్గర ఉన్నది అలాంటిది కాదు.

ఖర్చుల వైపు ఒక మాట. ర్యాప్‌లో ఉన్నవాడిలా కనిపించాలన్న ఒత్తిడి మిగతా సంగీతాల్లో ఇంత లేదు. అమెరికన్ ర్యాపర్ ఎం.సి. హామర్ కీర్తి శిఖరం నుంచి దిగి 1996లో దివాలా తీశాడు. భారీ భవంతి, వందల్లో సిబ్బంది అందుకు పేరున్న కారణాలు. మనది ఆ స్థాయి కాదు గానీ రోగం ఒకటే. నా మూడో వీడియోలో నేను ఆనుకుని నిలబడ్డ కారుకు కట్టిన ఒక్కరోజు అద్దె, ఆ పాటకు మూడేళ్లలో వచ్చిన ఆదాయం కన్నా ఎక్కువ. కారు పాటలో లేదు, వెర్స్ పేదరికం గురించి. ఇప్పుడు ఒక పాట మీద పెట్టే ఖర్చును మూడు భాగాలు చేసుకుంటాను: రికార్డింగ్, మిక్సింగ్ ఒక భాగం, వీడియో ఒక భాగం, విడుదలయ్యాక పాటను జనంలోకి తీసుకెళ్లడానికి ఒక భాగం. మొదట్లో మొత్తం వీడియోకే పోసి, విడుదల రోజుకు పోస్టరు వేయించడానికి కూడా మిగిలేది కాదు.

ఉద్యోగం ఎప్పుడు మానవచ్చన్నదానికి నేను రెండోసారి పాటించిన కొలత ఇది. గడిచిన పన్నెండు నెలల సంగీత ఆదాయం రాసుకుని, అందులో అతి తక్కువ వచ్చిన మూడు నెలల సగటు తీశాను. ఆ సగటు ఇంటి కనీస ఖర్చును మోయగలగాలి. మొదటిసారి నేను అత్యధికంగా వచ్చిన రెండు నెలలు చూసుకుని దూకాను. షోలకు కాలం ఉంటుంది, ఆ కాలం పోయాక వరుసగా నాలుగు నెలలు ఫోను మోగకపోవచ్చు. పైగా ఆరు నెలల ఖర్చు విడిగా ఉండాలి. ఏ ఒక్కరి నుంచీ ఏడాది ఆదాయంలో 40 శాతానికి మించి రాకూడదు, ఆ ఒక్కరు మాట మార్చితే మీరు రోడ్డున పడతారు. చేతికి వచ్చిన ప్రతి మొత్తంలోంచి 30 శాతం పన్నుకని వేరే ఖాతాలో వేసేయండి. అది మీ డబ్బు కాదు. గొంతు పోయిన ఆరు వారాలు నాకు ఒక్క షో లేదు, అప్పుడు వైద్య బీమా లేకపోవడం అంటే ఏమిటో తెలిసింది. ఉద్యోగం మానేముందు అది కూడా చూసుకోండి.

ఈ కొలతకు మీరు చేరడానికి రెండేళ్లు పట్టవచ్చు, నాలుగేళ్లూ పట్టవచ్చు. ఈలోగా ఉద్యోగాన్ని శత్రువుగా చూడకండి. నా పాటల్లో జనం గుర్తుపెట్టుకున్న చరణాల్లో సగం ఆఫీసు బస్సులో రాసినవే. అద్దె గురించి భయం లేకుండా రాసినప్పుడు, నచ్చని పనిని కాదనగలిగాను కూడా.

చివరిగా ఒకటి. మూడు లక్షలు దాటిన ఆ పాట బీట్ లీజుదా, పూర్తి హక్కులతో కొన్నదా అని మీ ప్రశ్నలో ఎక్కడా రాయలేదు. కంపెనీకి జవాబు రాయడం వారం ఆగినా ఫరవాలేదు, ఈ రోజే ఆ లైసెన్సు పత్రం తెరిచి స్ట్రీమ్‌ల పరిమితి ఎంతో చూడండి. పరిమితికి దగ్గరపడి ఉంటే, పాట ఇంకా పెరగకముందే, కంపెనీ సంగతి ఎత్తకుండా, బీట్ చేసినవాడితో పూర్తి హక్కుల ధర మాట్లాడుకోండి. ఇప్పటికే దాటిపోయి ఉంటే ఆ పత్రంలోని పంక్తి ఇక్కడ రాయండి, ఏం చేయవచ్చో చూద్దాం.